షట్టరుకు అటువైపు

కీబోర్డు మీటల సందుల్లో ఇరుక్కున్న దూది నూగును కనుకయ్య పెయింటు బ్రష్షుతో దులుపుతున్నాడు. రోజూ పొద్దున స్టూడియో తెరవగానే చేసే పనే. వెనక గోడకు ఆనుకొని సాంచాల కార్ఖానా, అంటే కరెంటు మగ్గాల షెడ్డు, ఉంది. అక్కడ నేసిన గుడ్డ తానులుగా బజారుకు పోతుంది, నూగు మాత్రం ఇటువైపు వస్తుంది. కెమెరా మూత మీద, టీ గ్లాసు అంచున, దేవుడి పటం మీద, మనిషి కనుబొమల మీద కూడా సన్నటి తెల్లపొర కట్టి కూర్చుంటుంది. కంప్యూటరు డబ్బా మూత తీస్తే లోపల ఫ్యాను రెక్కలకు కండె చుట్టినట్టు చుట్టుకొని ఉంటుంది.

ఈ రోజు మాత్రం అతని చెయ్యి నెమ్మదిగా ఆడుతున్నది. దులిపిన చోటే మళ్లీ దులిపాడు. మానిటరు అద్దాన్ని పాత బనియను ముక్కతో తుడిచాడు. మౌసు కింది రబ్బరు బంతిని బయటికి తీసి, మురికి గోటితో గీకి, మళ్లీ పెట్టాడు.

మెట్టు పక్కన మిరపకాయ బజ్జీల బండి పెట్టుకునే పోచమ్మ, పొయ్యి ముట్టిస్తూ లోపలికి చూసింది. "ఏందిరా కనుకా, కంప్యూటర్‌కు తలకు పోస్తున్నవా? గంతసేపు తుడుస్తున్నవు!"

కనుకయ్య బనియను ముక్కను పక్కన పెట్టాడు. చెయ్యడానికి ఇక పనేదీ మిగల్లేదు. మీట నొక్కాడు.

ఫ్యాను తిరిగింది. పచ్చలైటు వెలిగింది. నల్లటి అద్దం మీద తెల్లటి అక్షరాలు గబగబా దిగి, ఒక్క వరుస దగ్గర ఆగిపోయాయి. నిన్న సాయంత్రం చూసిన వరుసే. ఇంగ్లీషు అతనికి కూడబలుక్కుంటేగాని రాదు. అయినా ఈ వరుసకు అర్థం నిన్ననే తెలిసింది. లోపల విండోస్ కనబడడం లేదని, ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తనకు తెలియడం లేదని మిషను చెబుతున్నది.

శుక్రవారం. సాంచాలకు సెలవు. మిగతా రోజుల్లో భివండీలోని ఈ నార్పోలి పేటలో మనిషి మాట మనిషికి వినబడదు. ఈ ఒక్కరోజే గోడ అవతల ఏ చప్పుడూ ఉండదు. ఆ నిశ్శబ్దంలో ఫ్యాను తిరిగే చప్పుడు కూడా తనను అందరికీ పట్టిస్తున్నట్టు అనిపించి, కనుకయ్య మిషను ఆపేశాడు.

చేసింది తనే. ఆ డబ్బాలోని డిస్కును నిలేష్ రెండు భాగాలుగా చేసి పెట్టాడు. మొదటి దాంట్లో విండోస్, రెండో దాంట్లో ఫోటోలు, పెళ్లి క్యాసెట్ల నుంచి ఎక్కించిన వీడియోలు. పెళ్లిళ్ల కాలం కాబట్టి రెండోది నిండిపోయింది. "శుక్రవారం సాయంత్రం నిలేష్ వస్తడు, వాడే జాగ పెంచుతడు, నువ్వు ముట్టకు," అని స్టూడియో యజమాని రాజమౌళి సేఠ్ చెప్పాడు. ఆ చివరిమాట కనుకయ్యకు ఎక్కడో గుచ్చుకుంది. నిలేష్ ఆ పని చేస్తుండగా వెనక నిలబడి ఒకసారి చూశాడు. మొదటి భాగంలో కొంత తగ్గించడం, రెండో దానికి కలపడం. ఆ పని చేసే ప్రోగ్రాం సీడీ సొరుగులోనే ఉంది. నిన్న సాయంత్రం పెట్టాడు. నీలం గీత మెల్లగా నిండుతూ ఉంది. అప్పుడే వెనక కార్ఖానాలో షిఫ్టు మారి, ఆగి ఉన్న సాంచాలన్నీ ఒక్కసారిగా మొదలయ్యాయి. బల్బు ఎర్రబడింది, మానిటరు ఒకసారి కన్నుమూసి తెరిచేసరికి నీలం గీత పోయి ఈ వరుస నిలబడింది.

షిఫ్టు మారే వేళ కరెంటు కుంగుతుందని నార్పోలిలో చంటిపిల్లకు కూడా తెలుసు. ఆ వేళ ఎవరూ మిక్సీ వెయ్యరు, టీవీ పెట్టరు. ఆ కార్ఖానాలోనే సగం వయసు గడిపిన కనుకయ్య మరిచిపోయాడు.

అతని కుడిచేతికి మూడే వేళ్లు. మిగతా రెండూ ఆ గోడ వెనకే, సాంచె పట్టా కింద పోయాయి. తెగిన పోగును అందుకొని, రెండు వేళ్ల మధ్య తిప్పి, కంటికి కనబడనంత చిన్న ముడి వెయ్యడం సాంచె మీద మొదటి విద్య. ఆ ముడి అతని చేతికి మళ్లీ రాలేదు. ముడి రాని మనిషికి సాంచాల మీద ఏం పని? రాజమౌళి సేఠ్ జాలిపడి ఊడవడానికి పెట్టుకున్నాడు. ఊడుస్తూ ఫోటోలు కడగడం నేర్చాడు, కడుగుతూ ఫోటోలు దిద్దడం నేర్చాడు, కంప్యూటరు వచ్చాక ఎడమచేత్తో మౌసు పట్టడం నేర్చాడు. ఒకరోజు కనేరి బస్తీ నుంచి వచ్చిన కూలీ ఒకడు, కుర్చీలో కూర్చున్న అతన్ని చూసి, "సారూ," అని పిలిచాడు. కనుకయ్య వెనక్కి తిరిగి చూశాడు, ఎవరిని పిలుస్తున్నాడా అని. భివండీ వచ్చినప్పటి నుంచి అతన్ని ఎవరూ 'అరే' అనకుండా పిలవలేదు. ఆ రోజు ఇంటికి పోయి భార్య రాజమణికి ఆ సంగతి చెప్పలేదు గాని, అన్నం తింటున్నంతసేపూ తనలో తనే నవ్వుకున్నాడు.

ఆ పిలుపు కోసం అతను బాగా చేసే పని ఒకటుంది. చనిపోయినవాళ్ల ఫోటో. ఊరు విడిచి వచ్చిన కూలీలకు ఫోటోలెక్కడివి? ఎవరి పెళ్లిలోనో వెనక వరుసలో నిలబడ్డ ముఖం, రేషను కార్డు మీది ముఖం తెస్తారు. కనుకయ్య ఆ ముఖాన్ని వేరుచేసి, మచ్చలు తుడిచి, నుదుట బొట్టు పెట్టి, మెడ కింద ఒక నిండైన ఒళ్లు అతికిస్తాడు. ఆడవాళ్లకని అతని దగ్గర ఒకటే ఒళ్లుంది. ఎప్పుడో సేఠ్ భార్య దిగిన ఫోటో అది. మామిడిపండు రంగు పట్టుచీర, రెండు పేటల గొలుసు. కనేరిలో కూలీలుండే ఒంటిగది ఖోలీల గోడల మీద చనిపోయిన ఆడవాళ్లు సగంమంది అదే చీరలో, అదే గొలుసుతో కూర్చొని ఉంటారు. ఎవరూ తప్పుపట్టరు. అతని భయం ఎప్పుడూ ముఖం గురించే. పోయిన మనిషి ముఖం కొంచెం మారినా, ఇంట్లోవాళ్లకు ఆ మారిన ముఖమే మిగులుతుంది.

"సారూ, అయ్యిందా?"

కనుకయ్య ఉలిక్కిపడ్డాడు. మెట్టు కింద సోమయ్య నిలబడి ఉన్నాడు. సన్నటి మనిషి, కొత్తగా గుండు గీయించుకున్న తల. పదిరోజుల కింద అతని భార్య లస్మవ్వ సర్కారు దవాఖానాలో పోయింది. కండెలు చుట్టే పనిలో ఉండేది, దగ్గుతో మొదలై దగ్గుతోనే అయిపోయింది. ఆమెది ఒక్కటే ఫోటో ఉంది. గణపతి పండుగకు కార్ఖానాలో పెట్టిన భోజనాల దగ్గర ఎవరో తీసింది. బంతిలో కూర్చొని, చేతిలో ముద్దతో, ఎవరో పిలిస్తే తలెత్తి చూసినట్టుంటుంది. ఆ ఫోటో ఇస్తూ సోమయ్య అడిగింది ఒక్కటే: "అది ఎన్నడు పట్టుచీర కట్టలె సారూ. గీ ఫోటలన్న కట్టియ్యి."

కనుకయ్య ముందురోజు మధ్యాహ్నమంతా దాని మీదే కూర్చున్నాడు. ముద్దను తీసేశాడు, విస్తరిని తీసేశాడు. పిలిస్తే తలెత్తిన ఆ చూపును మాత్రం అలాగే ఉంచాడు. పొద్దున కొత్త సిరా వేసి ప్రింటు తీద్దామని డిస్కులో దాచి పెట్టాడు. ఆ డిస్కే ఇప్పుడు నోరు విప్పడం లేదు.

"రంగు ఆరుతున్నది," అన్నాడు కనుకయ్య. మాట నోరు దాటాకగాని అది అబద్ధమని అతనికే తెలియలేదు.

"ఆరనీ సారూ, ఆరనీ. రేపు ఊర్లె దినం. పగటీలి సిద్దిపేట బస్సుకు పోతున్న. మల్ల ఎప్పుడు రావాలె?"

"పగటాల్లకు రా."

"సరే సారూ." రెండడుగులు పోయి మళ్లీ తిరిగాడు సోమయ్య. "ముఖం మంచిగొచ్చిందా?"

"మంచిగొచ్చింది," అన్నాడు కనుకయ్య. అదొక్కటే నిజం.

అతను వీధి మలుపు తిరిగాక కనుకయ్య ఎస్టీడీ బూతుకు పోయి నిలేష్‌కు ఫోను చేశాడు. నిలేష్ కల్యాణ్‌లో కంప్యూటర్ల దుకాణంలో పనిచేసే కుర్రవాడు. సిరిసిల్ల దిక్కు వాళ్లే గాని బడి చదువంతా మరాఠీలోనే.

"కాయ్ ఝాలం కాకా? ఏమైంది?"

"మిషన్ షురూ అయితలేదు. నల్లగ వచ్చి ఆగుతున్నది."

"నిన్న ఏమన్న చేసిన్రా? సీడీ గీడీ పెట్టిన్రా?"

బూతు అద్దంలో కనుకయ్యకు తన ముఖం కనబడింది. నువ్వు ముట్టకు అన్న సేఠ్ గొంతు వినబడింది. "లే. ఏం పెట్టలె. పొద్దుగాల తీస్తె గిట్లున్నది."

"అయితే లోపట కేబుల్ లూజ్ అయ్యుంటది కాకా. మూత తీసి, అన్ని పీకి, సాఫ్ చేసి మల్ల పెట్టున్రి. అయినా రాకుంటే డిస్కే ఖరాబ్ అయినట్టు. సాయంత్రం నేను కొత్తది తెస్త. పాతదాంట్లయి పోయినట్టే."

పోయినట్టే అన్న మాట చెవిలో పెట్టుకొని కనుకయ్య తిరిగి వచ్చాడు. మూడు వేళ్ల చేత్తో మరలు విప్పాడు. రెండు మరలు జారి బల్ల కిందికి దొర్లాయి, మోకాళ్ల మీద వంగి వెతికాడు. వెడల్పాటి బూడిదరంగు కేబులు పీకి, ఊది, తుడిచి, మళ్లీ పెట్టాడు. మీట నొక్కాడు. అదే వరుస. ఇంకో చోట గుచ్చాడు. అదే వరుస. కేబులులో ఏ తప్పూ లేదని అతనికి తెలుసు. తెలిసీ చేస్తున్నాడు, ఎన్నిసార్లు పీకి పెడితే తను చెప్పిన అబద్ధం అంతగా నిజమవుతుందన్నట్టు. పొద్దు ఎక్కింది. బనియను చెమటకు తడిసి వీపుకు అతుక్కుంది.

మధ్యలో ఒక ఆలోచన వచ్చింది. లస్మవ్వ అసలు ఫోటో సొరుగులోనే ఉంది. ధామన్కర్ నాకా అనే కూడలి దగ్గర ఇంకో స్టూడియో ఉంది, అక్కడికి పట్టుకుపోతే గంటలో పెద్దది చేసి ఇస్తారు. లేచి చెప్పులు కూడా వేసుకున్నాడు. మీ కంప్యూటరుకు ఏమైంది అని అక్కడి కుర్రవాళ్లు అడుగుతారు. ఏం చెప్పాలి? చెప్పులు విప్పి మళ్లీ కూర్చున్నాడు.

తలెత్తేసరికి రోడ్డుకు అటువైపు సోమయ్య కనబడ్డాడు. ఉతికిన తెల్ల అంగీ వేసుకున్నాడు. ఒక చేత్తో గుడ్డసంచిని రొమ్ముకు ఆనించి పట్టుకున్నాడు, ఇంకో చేతిలో ఏదో ప్లాస్టిక్ కవరు. ఆటోలు పోయేదాకా ఆగి, రోడ్డు దాటుతున్నాడు.

కనుకయ్య ఏం చేస్తున్నాడో అతనికే తెలియలేదు. లేచి, చెయ్యెత్తి, షట్టరు కిందికి లాగాడు.

లోపల చీకటి. షట్టరుకూ గడపకూ మధ్య జానెడు వెలుతురు మిగిలింది. ఆ వెలుతురులో పోచమ్మ బండి చక్రం, ఆమె పాదాలు కనబడుతున్నాయి. కాసేపటికి ఇంకో రెండు పాదాలు వచ్చి ఆగాయి. పగిలిన మడమలు. ఒక చెప్పుకు తెగిన పట్టీని నూలు దారంతో కట్టుకున్నాడు.

"అవ్వా, సారు లేడా?"

పోచమ్మ పాదాలు కదల్లేదు. కాగుతున్న నూనె చప్పుడు వినబడింది.

"లేడు బిడ్డా. గిప్పుడే ఎటో పోయిండు."

"వస్తడు తీ. కూసుంట."

మెట్టు మీద కూర్చున్నాడు. అతని వీపు షట్టరుకు ఆనగానే రేకు చిన్నగా మోగింది. కనుకయ్యకూ అతనికీ మధ్య ఆ రేకు తప్ప ఏమీ లేదు. మరోరోజైతే సాంచాల మోతలో ఏదీ తెలిసేది కాదు. శుక్రవారం కాబట్టి అతను ముక్కు చీదడం, గొంతు సవరించుకోవడం, అంతా వినబడుతున్నది. కనుకయ్య నేలమీద గొంతుకూర్చొని ఉండిపోయాడు.

"సంచి కింద పెట్టరాదు బిడ్డా, చేతులు గుంజవా?"

"కింద పెట్టద్దట అవ్వా. ఊరిదాక ఒళ్లెనే పెట్టుకొని పోవాలెనట."

ఆ సంచిలో ఉన్నవి లస్మవ్వ అస్థికలని కనుకయ్యకు అర్థమైంది. పోచమ్మకూ అర్థమైనట్టుంది. "రెండు బజ్జీలు తిను," అంది. "రేపటి దాక ఒక్కపొద్దే అవ్వా," అన్నాడు సోమయ్య.

ఇప్పుడైనా లేచి షట్టరు ఎత్తవచ్చు. మిషను చెడింది, ఇదిగో నీ పాత ఫోటో, ఇదన్నా తీసుకుపో అనవచ్చు. కాని దించిన షట్టరును ఎత్తాలంటే ఎందుకు దించాడో చెప్పాలి. ప్రతి క్షణం గడిచేకొద్దీ ఆ ఎత్తడం ఇంకా కష్టమైపోతున్నది.

కనుకయ్య తండ్రి కూడా భివండీలోనే పోయాడు. అప్పుడు కనుకయ్య తల్లి చంకలో ఉన్నాడు. ఫోటో లేదు. దినం నాడు పీట మీద పసుపు పూసిన కొబ్బరికాయ పెట్టి మొక్కారని తల్లి చెప్పేది. "మీ నాయిన ఎట్లుండె?" అని అడిగితే, ఆమె కొడుకు ముఖాన్ని చాలాసేపు చూసి, "యాదికొస్తలేదురా," అనేది. మొగుడి ముఖం మరిచిపోయినందుకు ఆమె సిగ్గుపడేది. ఆ సిగ్గు చూసిన తర్వాత అతను మళ్లీ ఎన్నడూ అడగలేదు.

రేకు మళ్లీ మోగింది. సోమయ్య లేచాడు. పోచమ్మతో ఏదో మెల్లగా చెప్పాడు. షట్టరు కొక్కేనికి ఏదో తగిలించిన చప్పుడు. తర్వాత ఆ పాదాలు వెలుతురులోంచి వెళ్లిపోయాయి.

కొంతసేపటికి పోచమ్మ అట్లకాడతో షట్టరు మీద కొట్టింది. "పోయిండు. ఇగ బయటికి రా."

కనుకయ్య షట్టరు ఎత్తాడు. వెలుతురుకు కళ్లు చిట్లించాడు. పోచమ్మ అతని వంక చూడకుండా బజ్జీలు తిప్పుతున్నది.

"గీ వయసుల నాతోని అబద్ధం ఆడిపిస్తివి గదరా. పెండ్లాం బొక్కలు ఒళ్లె పెట్టుకొని కూసున్నోనితోని." అట్లకాడతో షట్టరు వైపు చూపింది. "అగో, కొక్కానికి దండ పెట్టిపోయిండు. సారు ఏడనో పని మీద ఉన్నట్టున్నడు, ఫోట తయారైతె దండేసి నాకా కాడికి తెమ్మను, బస్సు కదిలేదాక ఆడనే నిలబడుత అన్నడు. నీ మీద గంత నమ్మకం."

కనుకయ్య ఆ కవరును చేతిలోకి తీసుకొని, పరుగున బూతుకు పోయాడు.

"నిలేష్, నేనే చేసిన. నిన్న ఆ సీడీ పెట్టి జాగ పెంచబోయిన. మధ్యల కరెంట్ కుంగింది. పొద్దుగాల నీకు అబద్ధం చెప్పిన."

అవతల నిలేష్ నవ్వాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"అరె కాకా! గిది పొద్దుగాల చెప్తె పాచ్ మినిట్ పని! ఆ ప్రోగ్రాం షురూ అయ్యేటప్పుడు, ఏ భాగం నుంచి లేవాలో చెప్పే గుర్తు తీసేస్తది. పని ఖతం అయినంక మల్ల పెడ్తది. నడుమల ఆగింది గద, గుర్తు లేదు, గంతే. సొరుగుల నా ఫ్లాపీ ఉంది, అది పెట్టి షురూ చెయ్యిన్రి."

అతను చెప్పిన మాటలను అరచేతిలో రాసుకొని కనుకయ్య వచ్చాడు. ఫ్లాపీ గరగరమంది. నల్లటి అద్దం మీద డిస్కులోని రెండు భాగాలూ వరుసగా కనబడ్డాయి, రెండూ ఉన్నాయి. మొదటిదాని అంకె కొట్టాడు. దాని పక్కన గుర్తుగా ఒక చిన్న అక్షరం వచ్చి కూర్చుంది. ఫ్లాపీ తీసి మళ్లీ మొదలుపెట్టాడు. మబ్బులున్న నీలి ఆకాశంతో విండోస్ విచ్చుకుంది.

సంతోషం కలగలేదు. ఇంత చిన్నదా అనిపించింది. ఈ ఒక్క అక్షరం కోసమా పొద్దుటి నుంచి!

ప్రింటరు తల సాంచె మీది నాడెలాగా అటూ ఇటూ పరుగెడుతూ ఒక్కొక్క గీత నేస్తున్నది. పాపిట, నుదురు, బొట్టు. తర్వాత, ఎవరో పిలిస్తే తలెత్తిన ఆ కళ్లు. కనుకయ్య వాటి వంక చూడలేక ఫ్రేము తుడవడానికి వంగాడు. మామిడిపండు రంగు చీర అంచు దాకా వచ్చేసరికి గోడ గడియారాన్ని చూసి, తడి ఆరకముందే అద్దం కింద పెట్టి, మేకులు ఒత్తాడు. దండ కవరు విప్పలేదు, సోమయ్యే తన చేత్తో వేసుకుంటాడని. రెండూ పట్టుకొని ఆటో ఎక్కాడు.

ధామన్కర్ నాకా దగ్గర బస్సు ఆగేచోట నూనె మరకలు, అరటితొక్కలు ఉన్నాయి. మూటలు మోసే మనిషి ఒకడు గోడనీడలో తువ్వాలు పరుచుకుంటున్నాడు.

"సిద్దిపేట బస్సు?"

"గిప్పుడే పాయె. గుండు మనిషి కోసమేనా నువ్వు? మస్తు సేపు కిందనే నిలబడ్డడు. డ్రైవర్ తిట్టినంక ఎక్కిండు. కిడ్కీలకెల్లి గూడ గిటే చూసుకుంట పోయిండు."

"ఏ ఊరాయనది?"

"నాకేం ఎర్క?"

సాయంత్రం కనుకయ్య కనేరిలో సోమయ్య ఉండిన ఖోలీ వెతుక్కుంటూ పోయాడు. తలుపుకు యజమాని తాళం ఉంది. పక్క ఖోలీ ఆగమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతున్నది. "సామానంత అమ్ముకొని పాయె. ఇగ రాడట. ఊరా? సిద్దిపేట అవతల అంటుండె. లస్మవ్వ చెప్పేది గని, నాకు యాదికొస్తలేదు," అంది. అంటూనే ఆమె కళ్లు ఫ్రేము మీద పడ్డాయి. చేట పక్కన పెట్టి, చేతులు చీరకు తుడుచుకొని, దగ్గరికి వచ్చింది. "అయ్యో, అచ్చం అట్లనే ఉన్నది. పిలిస్తె పలికేటట్టున్నది. మరి ఆయనకియ్యకపోతివా సారూ?"

సారూ అన్న ఆ మాట వీపు మీద దెబ్బలా తగిలింది. కనుకయ్య ఫ్రేమును చంకలో పెట్టుకొని వెనుదిరిగాడు.

స్టూడియోకు వచ్చేసరికి రాజమౌళి సేఠ్, నిలేష్ కూర్చొని టీ తాగుతున్నారు. నిలేష్ ఏమీ చెప్పలేదు. డిస్కులో జాగ పెంచి, మూత బిగించి, కనుకయ్య వైపు చూసి చిన్నగా కన్నుగీటాడు. "అంత మంచిగున్నదా?" అన్నాడు సేఠ్. "మంచిగున్నది సేఠ్," అన్నాడు కనుకయ్య. ఎవరూ అతన్ని ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున గోడ వెనక సాంచాలు మొదలయ్యాయి, వాటి మోతలో అందరి మాటలూ కలిసిపోయాయి. ఏదో ఊళ్లో, పీట మీద ఏం పెట్టి మొక్కుతున్నారో అని అతను ఆ పూటంతా తలెత్తలేదు.

తర్వాత సిద్దిపేట దిక్కు పోయేవాళ్లు ఎవరు వచ్చినా అడుగుతూ ఉండేవాడు. సోమయ్యలు చాలామంది దొరికారు. ఫ్రేము వెనక లస్మవ్వ పాత ఫోటోను, ఆ చేతిలో ముద్దతో సహా, అతికించి అలమారలో పెట్టాడు.

దండ కవరు మాత్రం షట్టరు పక్కన మేకుకు వేలాడుతున్నది. కవరు మూతికి సోమయ్య నూలుపోగుతో ముడి వేశాడు, తెగిన పోగుకు సాంచె మీద వేసే ముడి, కంటికి కనబడనంత చిన్నది. అది విప్పితే మళ్లీ వెయ్యడం కనుకయ్య వేళ్లకు రాదు. పొద్దున కీబోర్డు దులిపాక అదే బ్రష్షుతో ఆ కవరు మీది నూగును కూడా దులుపుతాడు. తెల్లపొర పోయాక, లోపల చందనపు రంగు దండ విప్పని ముడి కింద కొన్ననాటిలాగే మెరుస్తూ ఉంటుంది.